ఆఫీసు లాప్‌టాప్ విండోస్, ఇంటి పీసీకి లినక్స్... మరి రాత్రి పదింటి వాలరెంట్ సంగతి?

రాత్రిబండి | జనవరి 2, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదివి పోవడమే తప్ప రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి.

నేను హైదరాబాదులో జావా డెవలపర్‌ని, ఎనిమిదేళ్ల సర్వీసు. ఆఫీసు లాప్‌టాప్ విండోస్ 11. అడ్మిన్ హక్కుల్లేవు, పెన్‌డ్రైవ్ పెడితే ఉలకదు పలకదు, వాల్‌పేపర్ కూడా కంపెనీ వాళ్లు పెట్టిందే. పొద్దున్నే ఆన్ చేస్తే వీపీఎన్, యాంటీవైరస్, ఇంకా నాకు పేర్లు తెలియని ఏజెంట్లు ఒక్కొక్కటే నిద్రలేచేసరికి నా టీ చల్లారిపోతుంది. దాని గురించి ఏడ్చి లాభం లేదు, అది వాళ్ల సొమ్ము.

నా బాధంతా ఇంటి పీసీ గురించి. 2018లో మొదటి బోనస్ డబ్బుతో సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలో అంతస్తు అంతస్తూ తిరిగి కట్టించుకున్నాను. ఐ5 7400, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ, 240 జీబీ ఎస్ఎస్‌డీ. ఏడో తరం ప్రాసెసర్ కాబట్టి విండోస్ 11 దాని గడప తొక్కనంటోంది. విండోస్ 10కి మొన్న 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగింది. మెషిన్ మాత్రం గుండ్రాయిలా ఉంది. పారేయడానికి మనసొప్పడం లేదు. అందుకే విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెడదామని ఆలోచన.

లినక్స్ నాకు కొత్తేం కాదు. మా సర్వర్లన్నీ అవే, రోజంతా ఎస్ఎస్‌హెచ్‌లో వాటి లోపలే తిరుగుతుంటాను. కానీ ఇంట్లో బల్ల మీద పెట్టుకుని వాడింది లేదు. ఎదురింటాయనతో ఎనిమిదేళ్లు మాట్లాడి, ఒక్కసారీ వాళ్లింట్లో భోంచేయనట్టు.

అడ్డు ఒక్కటే. రోజూ రాత్రి పదింటికి మా ఇంజినీరింగ్ హాస్టల్ బ్యాచ్ ఐదుగురం వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేము ఆడతాం. ఒకడు బెంగళూరు, ఒకడు పుణె, ఒకడు చెన్నై, ఒకడు నల్గొండలో వాళ్ల నాన్న ఎరువుల దుకాణం చూసుకుంటున్నాడు. పెళ్లిళ్లయ్యాయి, ఫోన్లు తగ్గాయి, మిగిలింది ఆ గంటే. వాలరెంట్ లినక్స్‌లో నడవదని విన్నాను. నిజమేనా? ఏదైనా దొడ్డిదారి ఉందా?

సెమీకోలన్ | జనవరి 2, రాత్రి 11:58

నిజమే. లేదు. పడుకో బ్రో.

ఆవకాయ్_ఆర్చ్ | జనవరి 3, రాత్రి 12:20

వాలరెంట్ ఒక్కటి పక్కన పెట్టన్నా, మిగతా లోకమంతా మారిపోయింది. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే వైన్ 1993 నుంచీ ఉన్నదే. కానీ గేముల విషయంలో అసలు మలుపు 2018 ఆగస్టులో స్టీమ్ అనే గేముల దుకాణం నడిపే వాల్వ్ వాళ్లు, వైన్ మీదే కట్టిన ప్రోటాన్ వదిలినప్పుడు వచ్చింది. విండోస్ గేము డైరెక్ట్ఎక్స్‌లో అడిగినదాన్ని డీఎక్స్‌వీకే అనే ముక్క అప్పటికప్పుడు లినక్స్‌లో పనిచేసే వల్కన్ భాషలోకి మార్చి గ్రాఫిక్స్ కార్డుకి అందిస్తుంది. తను లినక్స్‌లో ఉన్నానన్న సంగతి గేముకి తెలియనే తెలియదు. వాల్వ్ వాళ్లు అమ్మే చేతి గేమింగ్ మెషిన్ స్టీమ్ డెక్ లోపల ఉన్నది కూడా ఇదే, ఆర్చ్ అనే లినక్స్ రకం మీద కట్టిన స్టీమ్ఓఎస్. నేను ఎల్డెన్ రింగ్ మొదటినుంచి చివరిదాకా లినక్స్‌లోనే ఆడాను. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 కొత్త ఎడిషన్ ఇప్పటికీ ఆదివారాలు ఆడుతుంటాను.

ఏదైనా కొనేముందు ప్రోటాన్‌డీబీ అనే సైట్లో పేరు కొట్టి చూడు. ప్లాటినం, గోల్డ్ అని ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చు, బోర్క్‌డ్ అని ఉంటే డబ్బు జేబులోనే ఉంచుకో. ఇంకో మాట. గేము మొదటిసారి తెరిచినప్పుడు వల్కన్ షేడర్లు తయారవుతున్నాయంటూ ఒక గీత నత్తలా పాకుతుంది. తిట్టుకుంటూ స్కిప్ నొక్కకు, తర్వాత ఆటలో కుదుపులు వస్తాయి. తాలింపు వేగనిచ్చినట్టు వదిలెయ్.

ఆర్చ్ వెయ్. పండగే.

కెర్నల్‌కాకా | జనవరి 3, ఉదయం 6:40

రాత్రిబండి తమ్ముడూ, నీ ప్రశ్నకి కారణంతో సహా జవాబు చెబుతాను. కారణం తెలియకపోతే రేపు ఇంకో గేముకి మళ్లీ ఇదే అడుగుతావు.

వాలరెంట్‌తో వచ్చే వాన్‌గార్డ్ అనే యాంటీచీట్, అంటే దొంగాట పట్టే సాఫ్ట్‌వేర్, మామూలు ప్రోగ్రాం కాదు. విండోస్ బూట్ అవుతున్నప్పుడే డ్రైవర్ రూపంలో కెర్నల్‌లోకి, అంటే సిస్టమ్ గుండెకాయలోకి, ఎక్కి కూర్చుంటుంది. నువ్వు గేము తెరవకముందు నుంచే దాని కాపలా మొదలు. వైన్, ప్రోటాన్ చేసే అనువాదం అంతా కెర్నల్‌కి పైన జరిగే పని. కింద విండోస్ కెర్నలే లేనప్పుడు ఆ డ్రైవర్ ఎక్కడ కూర్చోవాలి? వర్చువల్ మెషిన్‌లో పెడదామంటే అది పసిగడుతుంది. యూట్యూబ్‌లో చూపించే దొంగచాటు పద్ధతుల జోలికి వెళితే అకౌంటు పోగొట్టుకుంటావు.

అన్ని యాంటీచీట్లూ ఇలాంటివి కావు. ఈజీ యాంటీచీట్, బాటిల్‌ఐ రెండూ 2021లోనే ప్రోటాన్‌కి దారి ఇచ్చాయి. అయితే తలుపు గడియ తీయాలా వద్దా అన్నది గేము కంపెనీ ఇష్టం. ఎల్డెన్ రింగ్ వాళ్లు తీశారు. ఫోర్ట్‌నైట్ వాళ్లు తీయలేదు. ఏపెక్స్ లెజెండ్స్ కొన్నాళ్లు తీసి, చీటర్లు ఆ దారిన దూరుతున్నారంటూ 2024 అక్టోబర్ చివర్లో మళ్లీ బిగించేసింది. అంటే ఇక్కడ తేల్చేది లినక్స్ సత్తా కాదు, ఆ గేము వాళ్లకి మనం లెక్కలోకి వస్తామా లేదా అన్నదే.

వాళ్ల వాదన కూడా తీసిపారేసేది కాదు. చీటర్ వల్ల పాడయ్యేది పది మంది ఆట. అయినా కెర్నల్‌లో పరాయివాడికి మంచం వేయడమంటే నాకు గుండె దడే. 2024 జూలై 19 గుర్తుందా? అది గేము కాదు, సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్. ఒక్క అప్‌డేట్‌లో తప్పు దొర్లి ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ మెషిన్లు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. హైదరాబాదులో ఇచ్చిన చేతిరాత బోర్డింగ్ పాసు ఫొటో ఆ రోజు అందరి ఫోన్లలోనూ తిరిగింది. ఆ అప్‌డేట్ పడిన చోటూ, నీ వాన్‌గార్డ్ కాపురం ఉండే చోటూ ఒకటే అంతస్తు.

ఇప్పుడు పని మాట. విండోస్ 10ని ఆ గేము కోసం ఉంచు, మిగతాదానికి లినక్స్ పెట్టుకో. కానీ ఒకే డిస్కులో రెండూ వద్దు. ఇంకో ఎస్ఎస్‌డీ కొను. లినక్స్ ఎక్కించేటప్పుడు పాత డిస్కు కేబుల్ పీకెయ్, అయ్యాక మళ్లీ పెట్టు. అప్పుడు సిస్టమ్‌ని నిద్రలేపే బూట్ లోడర్ దేనిది దానిదే, తగవు ఉండదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపడం మర్చిపోకు. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, లినక్స్ నుంచి ఆ డ్రైవ్ తెరిస్తే చదవడమే గానీ రాయడం కుదరదు.

ఆర్చ్ వద్దు. మింట్ అనే లినక్స్ రకం వేసుకో.

ఆవకాయ్_ఆర్చ్ | జనవరి 3, ఉదయం 9:15

కాకా, ఆర్చ్ మీద మీకు ఈ పగ ఎందుకు?

కెర్నల్‌కాకా | జనవరి 3, ఉదయం 9:31

పగ కాదురా అబ్బాయ్, అతని కార్డు చూడు. 1050 టీఐ పాస్కల్ తరానిది. ఎన్విడియా డ్రైవర్లలో 580 శ్రేణే ఆ తరానికి ఆఖరిది. మొన్న డిసెంబర్‌లో ఆర్చ్ 590కి మారగానే పాస్కల్ వాళ్లంతా వాడుకరులే ప్యాకేజీలు పెట్టే ఏయూఆర్‌లోకి పరిగెత్తి 580 వెతుక్కోవాల్సి వచ్చింది. నీకు అది సరదా. పగలంతా ఆఫీసులో బగ్గులు పట్టుకుని వచ్చినవాడికి రాత్రి ఇంట్లో కూడా అదే పనా?

హెల్ప్‌డెస్క్‌హీరో | జనవరి 3, మధ్యాహ్నం 1:05

అడగని సలహా ఒకటి. ఈ చర్చ చదివి ఎవరూ ఆవేశపడి ఆఫీసు లాప్‌టాప్ మీద చెయ్యి వేయకండి. నేను ఐటీ సపోర్ట్‌లో పదకొండేళ్లుగా ఉన్నాను, ఈ కథ ప్రతి మూడు నెలలకూ ఒకటి వస్తుంది.

పోయినేడు ఒకబ్బాయి, మంచి డెవలపరే, వారాంతంలో లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చూద్దామనుకున్నాడు. బయోస్‌కి పాస్‌వర్డ్ లేదు, అది మా తప్పే. బూట్ దగ్గర కాపలా కాసే సెక్యూర్ బూట్ ఆపాడు. బూట్ చేశాడు, చూశాడు, ముచ్చట తీరింది. సోమవారం పొద్దున లాప్‌టాప్ తెరిస్తే నీలి తెర మీద డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది. 48 అంకెలు. అప్పటికి తొమ్మిదింబావు, తొమ్మిదిన్నరకి క్లయింటుకి డెమో. నేను ఫోన్లో ఆరేసి అంకెలు చొప్పున చదువుతుంటే అతను కొడుతున్నాడు, ఏడో గుంపు దగ్గర తప్పు కొట్టి "సార్, మళ్లీ మొదటినుంచి చెప్తారా" అన్నాడు. పాపం గొంతు వణుకుతోంది.

డెమో పది నిమిషాలు ఆలస్యమైంది, అంతటితో పోయింది. కానీ సెక్యూరిటీ టీమ్ నుంచి వచ్చిన మెయిల్లో వాళ్ల మేనేజర్, ఆ మేనేజర్ మేనేజర్ కూడా ఉన్నారు.

సెమీకోలన్ | జనవరి 3, మధ్యాహ్నం 1:12

ఆ అబ్బాయి ఈ వేదికలోనే ఉన్నాడు సార్. నమస్తే.

హెల్ప్‌డెస్క్‌హీరో | జనవరి 3, మధ్యాహ్నం 1:14

అయ్యో. నువ్వేనా బాబూ?

సెమీకోలన్ | జనవరి 3, మధ్యాహ్నం 1:15

మీ కంపెనీ కాదు లెండి, నాది వేరే. కానీ కథ మాత్రం అక్షరం పొల్లుపోకుండా నాదే. నాకు 48 అంకెలు చదివింది ఒక మేడమ్.

విశాఖఅలలు | జనవరి 3, సాయంత్రం 5:50

ఆఫీసు లాప్‌టాప్‌లో లినక్స్ కావాలంటే దొంగతనం అక్కర్లేదండీ. మా దగ్గర టికెట్ పెడితే విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 ఇస్తారు, చాలా చోట్ల ఇస్తున్నారు. నాలుగేళ్లుగా నా పని మొత్తం దాంట్లోనే. విండోస్ పైన చొక్కా మాత్రమే.

అయితే మొదటి ఆర్నెల్లు నేనొక తెలివితక్కువ పని చేశాను. ప్రాజెక్టు ఫోల్డర్ సీ డ్రైవ్‌లో పెట్టి, లినక్స్ వైపు నుంచి దాన్నే వాడేదాన్ని. కోడులో మార్పులు చూపే గిట్ స్టేటస్ కమాండ్ కొట్టి వంటింట్లోకి వెళ్లి పాలు చూసుకుని వచ్చినా ఇంకా ఆలోచిస్తూ ఉండేది. యాంటీవైరస్ మీద పడి తిట్టుకున్నాను. తీరా చూస్తే సీ డ్రైవ్‌లో ఉన్న ప్రతి ఫైలూ విండోస్‌కీ లినక్స్‌కీ మధ్య ఉన్న వంతెన దాటి రావాలి. నోడ్ ప్రాజెక్టులో వేల చిన్న ఫైళ్లు, ఒక్కోదానికీ వంతెన మీద టోల్‌గేటు. ప్రాజెక్టుని లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోకి మార్చగానే అదే కమాండ్ ఎంటర్ నొక్కిన వేలు తీసేలోపు అయిపోయింది. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది, ఆర్నెల్ల టైము తలుచుకుని.

ఇంకోటి, మామూలుగా డబ్ల్యూఎస్ఎల్ మెషిన్ ర్యామ్‌లో సగం దాకా లాగేసుకోగలదు. 16 జీబీ లాప్‌టాప్‌లో బ్రౌజరూ మీటింగూ కూడా నడవాలి కాబట్టి నేను కాన్ఫిగ్ ఫైల్లో 6కి పరిమితి పెట్టాను.

ఇక గేముల మాట. మా ఇంట్లో సమస్య నాది కాదు, మా పదేళ్ల వాడిది. వాడి పీసీలో ఉబుంటు వేసి మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ పెట్టాను, పరిగెడుతుంది. వాడు రెండు రోజులు ఆడి మొహం మాడ్చుకున్నాడు. వాళ్ల ఫ్రెండ్సంతా ఫోన్లలో బెడ్‌రాక్ ఎడిషన్ ఆడతారట, జావా వాడు వాళ్ల లోకంలోకి వెళ్లలేడు. లినక్స్‌కి బెడ్‌రాక్ ఇవ్వరు. "అమ్మా, గేము బానే ఉంది, కానీ అందులో నేనొక్కణ్ణే ఉన్నా" అన్నాడు. ఇంకేం చెప్తాం? నా పాత ఫోన్ ఇచ్చేశాను.

రాత్రిబండి | జనవరి 3, రాత్రి 9:40

అక్కా, మీ వాడి మాటే నాదీను.

కాకా చెప్పినట్టు సాయంత్రం సీటీసీకి వెళ్లి మూడు వేల చిల్లర పెట్టి 500 జీబీ ఎస్ఎస్‌డీ తెచ్చాను. రేపు ముహూర్తం.

పాతమోడెమ్ | జనవరి 3, రాత్రి 10:25

ముహూర్తం అంటే గుర్తొచ్చింది. మేం కాలేజీలో ఉన్నప్పుడు లినక్స్ అంటే కంప్యూటర్ పత్రికతో వచ్చే సీడీలే. ఎక్కించడానికి ఒక పూట, తర్వాత లోపలి మోడెమ్ పనిచేయక ఒక నెల. ఆ మోడెములు సగం పని విండోస్ డ్రైవర్‌తోనే చేయించుకునేవి, లినక్స్‌లో వట్టి ఇనప ముక్కలు. ఇంటర్నెట్ లేకుండా ఇంటర్నెట్ డ్రైవర్ వెతకాలి, అదీ మా తపస్సు. తర్వాత ఉబుంటు వాళ్లు అడిగినవాళ్లకల్లా ఉచితంగా సీడీలు పంపేవారు, 2011లో ఆపేశారు. మా ఊరి పోస్ట్‌మ్యాన్ ఆ కవర్ మీది విదేశీ స్టాంపులు చూసి మా నాన్నతో "మీవాడికి అమెరికాలో ఉద్యోగం వచ్చిందా" అని అడిగాడు. రాలేదు, ఇప్పటికీ.

రాత్రిబండి | జనవరి 4, సాయంత్రం 4:18

అర్జెంట్. ఫోన్లోంచి రాస్తున్నా.

మింట్ బ్రహ్మాండంగా ఎక్కింది. వైఫై, సౌండు, ప్రింటర్ దేనికీ వేలు పెట్టక్కర్లేకుండా వచ్చాయి. తర్వాత యూట్యూబ్‌లో ఎవరో చెప్పింది చూసి కమాండ్లు కొట్టే టెర్మినల్‌లోంచి గ్రాఫిక్స్ డ్రైవర్ వేశాను. పేరు చివర ఓపెన్ అని ఉంది, ఓపెన్ సోర్సే కదా మంచిదే కదా అనుకున్నా. రీస్టార్ట్ చేస్తే మింట్ గుర్తు కనిపించి మాయమైంది. నల్ల తెర. ఎడమ పైమూలన ఒక చిన్న గీత ఆరుతూ వెలుగుతోంది. అంతే.

అమ్మ వచ్చి చూసి "కరెంటు పోయిందా" అంది.

కెర్నల్‌కాకా | జనవరి 4, సాయంత్రం 4:23

గాభరా పడకు. ఓపెన్ అని ఉన్న మాడ్యూల్స్ ట్యూరింగ్ తరం నుంచే, అంటే 16 శ్రేణీ ఆ పైవీ. నీ పాస్కల్ కార్డుని అవి గుర్తుపట్టవు. సిస్టమ్ బతికే ఉంది, బొమ్మ రావడం లేదంతే.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కు. లాగిన్ అడుగుతుందా?

రాత్రిబండి | జనవరి 4, సాయంత్రం 4:25

అడుగుతోంది!!! పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ కనబడదేంటి?

సెమీకోలన్ | జనవరి 4, సాయంత్రం 4:25

ఎనిమిదేళ్ల సర్వీసు అన్నారు?

రాత్రిబండి | జనవరి 4, సాయంత్రం 4:26

సర్వర్లకి కీ పెట్టుకుని వెళ్తాం బ్రో, పాస్‌వర్డ్ కొట్టి ఎన్నాళ్లయిందో. టెన్షన్‌లో ఉన్నా, ఆటపట్టించకు.

కెర్నల్‌కాకా | జనవరి 4, సాయంత్రం 4:28

కనబడదు, కొట్టి ఎంటర్ నొక్కు. లోపలికి వెళ్లాక ముందు సుడో ఆప్ట్ పర్జ్, ఆ పక్కన నువ్వు వేసిన ప్యాకేజీ పేరు. తర్వాత సుడో ఆప్ట్ ఆటోరిమూవ్. ఆ తర్వాత సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్, పక్కన ఎన్విడియా డ్రైవర్ 580, మధ్యలో అడ్డగీతలు, చివర ఓపెన్ లేకుండా. అయ్యాక రీబూట్. తొలగించేటప్పుడు ఏమేం పోతున్నాయో జాబితా చూపిస్తుంది, ఒక్కసారి చదివి అప్పుడు వై నొక్కు.

వేదిక నిర్వాహకుడు | జనవరి 4, సాయంత్రం 4:30

కొత్తవాళ్లకు గమనిక: కమాండ్లు తెలుగు లిపిలో రాయడం ఇక్కడి పాత అలవాటు. వీటిని యథాతథంగా టెర్మినల్‌లో అతికించి పనిచేయలేదని నాకు మెసేజ్ పెట్టకండి. ఈ నెలలో ఇప్పటికే ఇద్దరు పెట్టారు. ఈ నెలకి ఇంకా నాలుగు రోజులే అయింది.

రాత్రిబండి | జనవరి 4, సాయంత్రం 4:51

వచ్చింది. బొమ్మ వచ్చింది. కాకా, మీ కాళ్లకి దండం.

డాలస్‌దోస | జనవరి 4, రాత్రి 8:07

శుభాకాంక్షలు. పనిలో పని, తెలుగు టైపింగ్ కూడా పెట్టుకోండి. ఐబస్‌తో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన లేఅవుట్లు అన్నీ వస్తాయి. ఫాంట్లకి లోహిత్, నోటో ఎలాగూ ఉంటాయి, రామభద్ర, మండలి లాంటివి కూడా ఉచితమే. నేను ఈ పోస్టు ఫెడోరాలో ఆర్‌టీఎస్‌తో కొడుతున్నాను.

ఒక్క టెర్మినల్ దగ్గరే మన లిపికి మర్యాద దక్కదు. ప్రతి అక్షరానికీ సమాన వెడల్పు గడి ఇచ్చే చోట మన ఒత్తులు ఎక్కడ కూర్చుంటాయి? ఇంటికి సంబంధించిన కాగితాల ఫోల్డర్‌కి "జ్ఞాపకాలు" అని పేరు పెట్టాను. ఫైల్ మేనేజర్‌లో ముత్యంలా కనిపిస్తుంది, టెర్మినల్‌లో ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ కొడితే జ ఒక వీధి, ఞ ఒక వీధి. అయినా 2018 ఫిబ్రవరిలో ఇదే జ్ఞా కారణంగా ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి కదా, దాంతో పోలిస్తే విరిగి కనిపించడం నయమే.

సెమీకోలన్ | జనవరి 4, రాత్రి 8:11

ప్రపంచాన్ని వణికించిన ఏకైక తెలుగు అక్షరం.

రాత్రిబండి | జనవరి 6, రాత్రి 1:35

ఇంకో వింత. నిన్న రాత్రి లినక్స్‌లో ఏదో చదువుకుంటూ, పదింటికి రీస్టార్ట్ చేసి విండోస్‌లోకి వచ్చి ఆటకి కూర్చున్నాను. మధ్యలో ఒకసారి కింద మూలకి చూస్తే సాయంత్రం 5:10. ఇంకా బోలెడు టైముంది అనిపించి ఇంకో మ్యాచ్ అన్నాను. ఇంకోటి అన్నాను. నల్గొండ వాడు "ఒరేయ్, పొద్దున్నే లోడు వస్తది, నన్ను పోనియ్యరాదు" అంటే అప్పుడు ఫోన్ చూశా. ఒంటిగంట దాటింది. పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు స్టాండప్ మీటింగ్ ఉంది. గడియారానికి ఏమైంది?

ఆవకాయ్_ఆర్చ్ | జనవరి 6, ఉదయం 7:50

ఇది నాకు తెలుసు, కాకా ఆగండి! మదర్‌బోర్డు మీద బ్యాటరీతో నడిచే గడియారం ఒకటుంటుంది. లినక్స్ దాంట్లో యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక టైము, రాసి, చూపించేటప్పుడు మన ఐదున్నర గంటలు కలుపుతుంది. విండోస్ అదే గడియారాన్ని స్థానిక సమయం అనుకుని చదువుతుంది. అందుకే సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్ లోకల్ ఆర్‌టీసీ 1 అని పెట్టు, ఇద్దరూ ఒకటే భాష మాట్లాడతారు. మెషిన్ ఆ పద్ధతి నాకు నచ్చదని ఒక హెచ్చరిక చూపిస్తుంది, పట్టించుకోకు. మన దగ్గర గడియారం ముందుకీ వెనక్కీ జరిపే గొడవ లేదు కాబట్టి నష్టమేం లేదు.

కెర్నల్‌కాకా | జనవరి 6, ఉదయం 8:02

నూటికి నూరు. అబ్బాయి పైకొచ్చాడు.

విశాఖఅలలు | జనవరి 6, మధ్యాహ్నం 12:30

స్టాండప్‌కి వెళ్లారా?

రాత్రిబండి | జనవరి 6, మధ్యాహ్నం 12:34

వెళ్లానక్కా. కెమెరా ఆపేసుకుని.

రాత్రిబండి | జనవరి 19, రాత్రి 11:10

పండగ అయిపోయి తిరిగొచ్చాను. ఇక్కడ ఇంతమంది సాయం చేశారు కాబట్టి ఏమైందో చెప్పాలి.

మింట్ రెండు వారాలుగా ఇంట్లో అసలు మెషిన్ అయింది. 8 జీబీకి కూడా ఊపిరాడుతోంది. అమ్మ దాంట్లోనే ప్రవచనాలు చూస్తోంది. మారిందన్న సంగతి ఆమెకి చెప్పలేదు, ఆమె అడగలేదు. సొంత కోడు చాన్నాళ్లకి ముట్టుకున్నాను. ఆఫీసు లాప్‌టాప్‌కి డబ్ల్యూఎస్ఎల్ టికెట్ పెట్టాను, మూడు అప్రూవల్స్‌లో రెండు వచ్చాయి.

ఒక పొరపాటు చెప్పాలి. స్టీమ్ గేములు మళ్లీ డౌన్‌లోడ్ ఎందుకని విండోస్ డిస్కులో ఉన్నవే లినక్స్ నుంచి వాడబోయాను. ఒకటి తెరుచుకుంటుంది, ఒకటి తెరుచుకోదు. విండోస్ డిస్కుల ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతి మీద ప్రోటాన్ ఫోల్డర్లు సరిగా నిలబడవని తర్వాత చదివాను. అన్నీ కొత్త డిస్కు మీదికి దింపుకున్నాక గొడవ పోయింది.

వాలరెంట్ విండోస్ 10లోనే ఉంది. అందులో ఇంకేమీ లేదు, మెయిల్ లేదు, బ్యాంకు లేదు. కాకా మెసేజ్‌లో చెప్పాక 2026 అక్టోబర్ దాకా వచ్చే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేశాను. ఆ తర్వాత ఏంటో చూడాలి.

అసలు సంగతి వేరే. సంక్రాంతికి మా బ్యాచ్ అంతా నల్గొండలో కలిశాం, ఎనిమిదేళ్ల తర్వాత ఐదుగురం ఒకే గదిలో. నల్గొండ వాడి ఇంట్లో పాత హాస్టల్ ఎల్ఏఎన్ కేబుల్ ఇంకా ఉంది, కిటికీలోంచి కిటికీకి లాగినది, మధ్యలో రెండు చోట్ల నా చేత్తో చుట్టిన టేపు. అప్పట్లో ఆడింది కౌంటర్ స్ట్రైక్ 1.6. వాలరెంట్ తర్వాత వచ్చింది, లాక్‌డౌన్‌లో. "మరి అదే ఆడదాం పా" అన్నాడు పుణె వాడు. కౌంటర్ స్ట్రైక్ 2 లినక్స్‌లో సొంతంగానే నడుస్తుంది, ప్రోటాన్ కూడా అక్కర్లేదు. ఇప్పుడు మంగళ, గురు వారాలు అది, మిగతా రోజులు వాలరెంట్. చెన్నై వాడు రోజూ సణుగుతున్నాడు, అయినా వస్తున్నాడు. నా పాత కార్డు మీద ఫ్రేములు కొంచెం తక్కువే, ఓడిపోయినప్పుడు చెప్పుకోవడానికి పనికొస్తోంది.

ఇప్పుడు కొత్త ప్రశ్న. నల్గొండ వాడి దుకాణంలో పీసీ కూడా విండోస్ 10, నాదానికంటే ముసలిది. సబ్సిడీ అమ్మకాలకి వేలిముద్ర మెషిన్ వేరే ఉంది, దాంతో గొడవ లేదు. పీసీలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటీ, దానికి తగిలించిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఒకటీ. "నీది బాగుంది కదా, నాకూ పెట్టు" అంటున్నాడు. పెట్టమంటారా?

సెమీకోలన్ | జనవరి 19, రాత్రి 11:14

ఎరువుల దుకాణంలో లినక్స్. ఇదీ అసలు డెస్క్‌టాప్ విప్లవం.

కెర్నల్‌కాకా | జనవరి 20, ఉదయం 6:35

తొందరపడకు. గేము పోతే ఒక రాత్రి పోతుంది, బిల్లింగ్ పోతే వాళ్ల నాన్న మనల్ని వదలడు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, ప్రింటర్ వెనక స్టిక్కర్ మీద ఉన్న మోడల్ నంబరు ఫొటో తీసి పంపమను. డేటా బ్యాకప్ ఎక్కడ తీస్తున్నాడో కూడా అడుగు.

రాత్రిబండి | జనవరి 20, ఉదయం 8:20

అడిగాను కాకా. "బ్యాకప్ అంటే?" అన్నాడు.

వేదిక నిర్వాహకుడు | జనవరి 20, ఉదయం 8:26

దీనికి కొత్త చర్చ తెరవండి, ప్రింటర్ల విభాగంలో. ముందు బ్యాకప్ తీసి రండి.